కారం మరలో నలుగుపిండి

ఆ రోజుల్లో పెళ్లిచూపులకి మనిషికంటే ముందు ఫోటో వాట్సాప్‌లో వెళ్లిపోయేది. ఇప్పుడూ అంతేననుకోండి. నా ఫోటోని మాత్రం మా ఊరి స్టూడియో అతను చేతనైనంత తెల్లగా చేసి పంపాడు. తాడేపల్లిలో అమ్మాయి అమ్మానాన్నలకి నచ్చింది, ఆదివారం రమ్మన్నారు. నేనేమో అప్పటికి మిర్చి కల్లంలో ఎండకి మాడిపోయి ఉన్నాను. (అమ్మాయి ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు, అది వేరే సంగతి.) ఈ సంబంధం తప్పిపోతే ఎలాగా అని ఒకటే బెంగ.

అమ్మమ్మ దగ్గర వాపోతే పెసలు, కస్తూరి పసుపు, వట్టివేళ్లు, ఎండిన వేపాకు, గులాబీ రేకులు సంచిలో పోసి, ఆడించుకొచ్చి రోజూ కాస్త రాసుకోమంది. తీరా వెళ్తే పిండి మర ముందు ఊళ్లో ఆడవాళ్లందరూ ఉన్నారు. మీసాలొచ్చిన మగాణ్ణి, నలుగుపిండి కోసం వచ్చానని వాళ్ల ముందు ఎలా చెప్పను? పక్కన కారం మర ఖాళీగా ఉంది. గుట్టుగా అందులో ఆడించుకుని వచ్చేశాను. పిండికి మంచి రంగొచ్చిందని మురిసిపోయాను కూడా.

కల్లం పనుల్లో రోజూ రాసుకోవడం కుదర్లేదు. ఆదివారం పొద్దున వారానికి సరిపడా ఒకేసారి పట్టించాను. మొహం భగ్గుమంది. పనిచేస్తోందనుకుని ఇంకాస్త రాశాను. ఈలోగా అమ్మమ్మ వచ్చి, డబ్బా వాసన చూసి తుమ్మింది.

"ఒరేయ్, ఇది ఎక్కడ ఆడించావురా?"

చెప్పాను. నెత్తి కొట్టుకుని, మొహం కడిగించి, పెరుగు పూసి కారెక్కించింది.

వాళ్ల హాల్లో కూర్చుంటే కళ్లలోంచి ధారగా నీళ్లు. పాపం వాళ్ల నాన్నగారు ఫ్యాను స్పీడు పెంచారు, దాంతో మంట ఇంకా ఎక్కువైంది. కాసేపటికి మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని వరండాలోకి పంపారు. ఇక ఈ సంబంధం మీద ఆశ వదిలేసుకున్నాను.

"ఇష్టం లేకపోతే చెప్పేయండి, ఏడవడం ఎందుకు?" అంది ఆ అమ్మాయి.

దాచలేక ఫోటో దగ్గర్నుంచి కారం మర దాకా మొత్తం చెప్పేశాను. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"ఆ ఫోటో చూసి వద్దని చెబుదామనుకున్నానండి. వెల్లవేసిన గోడలా ఉన్నారు. ఇలాగే నయం."

ఇప్పుడు మా ఇంట్లో నలుగుపిండి మా ఆవిడే మిక్సీలో వేస్తుంది. ఆ మిక్సీ జార్‌ని నన్ను ముట్టుకోనివ్వదు. మొన్న ఏదో అవసరమై స్టూడియోకి వెళ్తే, కాస్త తెల్లగా చెయ్యమంటారా అని అడిగాడు అతను. ఉన్నది ఉన్నట్టు ఉంచవయ్యా అన్నాను. ఆ ఫోటో ఇంటికి తెచ్చి చూపిస్తే, ఆ రోజు కందిపోయి కూర్చున్న కుర్రాడే బాగున్నాడు అంది ఆవిడ. నాకూ అప్పుడప్పుడు వాణ్ణి చూడాలనిపిస్తుంది.