వెదురుకు చుట్టిన నూలు

బెంగళూరు దగ్గర జపాన్ ఫ్యాక్టరీలు కొత్తగా వస్తున్న రోజులవి. కాట్పాడిలో ప్యాసింజరు ఎక్కిన మా అమ్మకూ నాకూ ఎదురుగా ఒక జపాన్ ఆవిడ కూర్చుంది. ఆమె ఒళ్లో వేరు మొదలుతో సహా కోసిన లావాటి వెదురు వేణువు ఉంది. దాన్ని షాకుహాచి అంటారని, వాయించే భర్త వేలూరు ఆస్పత్రిలో పోయాడని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఆస్పత్రి గదిలో ఎండవేడికి అది నిలువునా చీలిందట. ఆ చీలికనే వేలితో తడుముతోంది.

గుడియాత్తంలో మాది లుంగీల మగ్గం. ఆవిడ మాటలు నేను తెలుగులో చెప్తే విని అమ్మ సంచిలోంచి నూలు తీసింది.

"ఇట్లా ఇయ్యమ్మా."

రంధ్రాలు మూసుకోకుండా, లత్తేరి స్టేషను దాటేదాకా బిగించి చుట్టింది.

"ఊది చూడమ్మా."

"నాకు రాదు. ఇది ఆయనది," అని ఆవిడ నాతో అంది.

"మా ఇంటాయన పోయినాంక ఆయన మగ్గం గుంతలో దిగి నేను నేయలేదా? అంతదాకా కండెలకి నూలు చుట్టేదే నా పని. చెప్పు నాయనా ఆమెకి."

చెప్పాను. ఆమె ఊదింది. స్వరం పలకలేదు. వెదురులోంచి గాలి మాత్రం బరువుగా పోయింది. మళ్లీ ఊదింది, మళ్లీ గాలే. అమ్మ కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టే తలాడిస్తూ కూర్చుంది. మేం గుడియాత్తంలో దిగేటప్పుడూ ఆమె ఊదుతూనే ఉంది.

అమ్మ చివరి రోజుల్లో ఊపిరి అలాగే బరువుగా వచ్చిపోయేది. వినలేక ఇంట్లోవాళ్లు వసారాలోకి వెళ్లిపోయేవారు. నేను పక్కనే కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ని.