గొర్రెల నవల

మా గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇవ్వడమంటే బల్ల మీద పెట్టి వెళ్లిపోవడం కాదు. ఆదివారం సాయంత్రం గడప పక్కన నిలబడి, అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ వినబడేట్టు, ఆ పుస్తకం ఎట్లా ఉందో చెప్పాలి. బాగుందని తలూపితే కుదరదు. ఎందుకు బాగుందో, ఎక్కడ బాగాలేదో నోరు తెరిచి చెప్పాలి. అప్పటిదాకా ఇంకో పుస్తకం చేతికి రాదు.

ఈ కట్టుబాటు పెట్టింది గ్రంథాలయం పెద్ద, మా వకీల్ సాబు. నిజాం కాలంలో తెలుగు పుస్తకం చదవడమే ఒక సాహసమైన రోజుల్లో నాలుగు పుస్తకాలు పోగుచేసి ఈ గది తెరిచిన మనిషి. మంథని, పెద్దపల్లి బస్సు ఆగే ఆ ఊళ్లో నేను గ్రంథాలయం ఉద్యోగంలో చేరేనాటికి హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తాళం తీసేది నేనే, ఊడ్చేది నేనే, పుస్తకాలిచ్చేది నేనే. పుస్తకం మూల మడిచిన వాళ్లతో తగాదా పడేది కూడా నేనే. అట్లా మడిచే వాళ్లను నేను ఇప్పటికీ క్షమించను.

ఆ ఆదివారాలు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ నవ్వొస్తుంది. కోస్తా వంటల పుస్తకం తీసుకుపోయిన హోటలాయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు.

"పప్పుల బెల్లం, పులుసుల బెల్లం, ఆఖరికి వంకాయ కూరల గూడ బెల్లమే. గిట్ల వండితె నా హోటల్‌కు ఈగలొస్తయి గని మనుషులు రారు" అన్నాడు.

అపరాధ పరిశోధన నవల చదివిన పోలీసు జవాను తల అడ్డంగా ఊపాడు. "గా డిటెక్టివు పుస్తకం మొత్తంల ఒక్కపారన్న పై ఆఫీసరుతోటి తిట్లు తిన్నడా? తినలే. గట్లయితె ఇదంత అబద్ధమే" అని తేల్చేశాడు. నక్షత్రాల పుస్తకం చదివిన రైతుకు వేరే ఫిర్యాదు. "చుక్కలు ఎంత దూరమున్నయో రాసిండు. మంచిదే. మృగశిరల వాన పడుతదా పడదా, గదొక్కటి రాయలే." ఆ సాయంత్రం వాన పడుతుందా లేదా అని చీకటి పడేదాకా వాదించుకున్నారు. పుస్తకం సంగతి అందరూ మరిచిపోయారు.

వచ్చేవాళ్లలో ఇద్దరి మాట కోసం నేను ప్రత్యేకంగా ఎదురుచూసేవాణ్ణి. ఒకరు బీడీలు చుట్టే పెద్దవ్వ. ఆమెకు చదువు రాదు. మధ్యాహ్నాలు ఆమె చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే కోడలు పక్కన కూర్చుని చదివేది. తీర్పు మాత్రం పెద్దవ్వదే. కాశీయాత్ర పుస్తకం గురించి ఆమె చెప్పింది ఒక్కటే మాట. "వింటాంటేనే కాళ్లు నొచ్చినయి కొడుకా." ఇంకొకరు గొల్ల పెద్దాయన. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, మంద వెంట తిరుగుతూ ఒక్కో పుస్తకాన్ని నెలల తరబడి చదివేవాడు. పశువుల గురించి ఏముంటే అది ఇమ్మనేవాడు.

అందరూ అయ్యాక వకీల్ సాబు చెప్పేవాడు. ఆయన నవలలు తప్ప ఇంకేమీ చదవడు. చెప్పడం మొదలుపెడితే కోర్టులో వాదించినట్టే. సగం అరుగు అప్పుడు బీడీ ముట్టించుకునేది.

అరుగు చివర, స్తంభానికి ఆనుకుని ఒక మనిషి ఇవన్నీ వింటూ కూర్చునేవాడు. మేమందరం జిల్దు చాచా అనేవాళ్లం. పుస్తకాలకు అట్టలు కట్టే పని ఆయనది. జిల్దు అంటే ఆ అట్టకట్టుడే. తాసీలు కచేరీ దస్తావేజులన్నీ ఒకప్పుడు ఆయన చేతిమీదుగానే కట్టలయ్యేవి. అవన్నీ ఉర్దూవి. కచేరీలో ఉర్దూ తగ్గుతున్న కొద్దీ చాచాకు పని తగ్గింది. చివరికి మిగిలింది మా గ్రంథాలయం పుస్తకాలే. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, దారానికి మైనం రాసి, ఆయన కుట్టిన పుస్తకాన్ని ఎద్దు తొక్కినా విడిపోదు. తెలుగు మాకంటే బాగా మాట్లాడేవాడు. చదవడం మాత్రం రాదు. ఏదైనా పుస్తకాన్ని జనం మెచ్చుకుంటే, తానే రాసినట్టు మీసం దువ్వుకునేవాడు.

ఆ ఏడు వానాకాలం గ్రంథాలయం కప్పు కారింది. ఒక బీరువా అడుగు అర మొత్తం నానిపోయింది. తడిసిన పుస్తకాలను విప్పి చాచా తన వాకిట్లో చాపల మీద ఆరబెట్టాడు. వాటిలో ఒకటి కుటుంబ నవల, ఇంకొకటి గొర్రెల పెంపకం మీద సర్కారు వేసిన పుస్తకం. రెండూ ఒకే కొలత, అచ్చు కూడా ఒకే తీరు. అక్షరాలు రాకపోయినా చాచాకు అంకెలు వచ్చు. పేజీల అంకెల వరస చూసుకుంటూ కట్టలు పేర్చాడు. ముందు కట్టలు రెండూ సరిగ్గానే పడ్డాయి. వెనక కట్టలు ఒకదానివి ఒకదానికి పోయాయి. అంకె మాత్రం ఎక్కడా తప్పలేదు. నవల మొదటి సగానికి గొర్రెల పుస్తకం రెండో సగం, గొర్రెల మొదటి సగానికి నవల రెండో సగం అతుక్కుని, ఎర్ర అట్టలతో పెండ్లికొడుకుల్లా తయారై వచ్చాయి. జిగురు ఆరీ ఆరకముందే జనం పట్టుకుపోయారు.

నవలను ముందు తీసుకుపోయింది హైస్కూలు పంతులు. తిరిగి ఇచ్చే ఆదివారం ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఇదొక కొత్త పోకడ. ఆ పిల్ల అత్తింటి బాధ పడలేక గడప దాటుతది. అక్కడ్నుంచి రచయిత ఆమె దుఃఖం గురించి ఒక్క ముక్క రాయడు. గొర్లకొచ్చే రోగాల గురించి రాస్తడు. మనసుకు తగిలిన దెబ్బను గట్ల చూపిచ్చిండన్నట్టు" అన్నాడు.

అరుగు మీది తలలన్నీ గౌరవంగా ఊగాయి. ఆ తర్వాత ఆ పుస్తకం కోసం జనం ఎగబడ్డారు. చదివిన ప్రతివాడూ పంతులుకు తీసిపోకుండా ఏదో ఒక అర్థం చెప్పాడు. ఎవరూ "ఇదేందిరా" అనలేదు. అంటే తమకు అర్థం కాలేదని ఒప్పుకున్నట్టవుతుందని భయం. నేను కూడా చదివి, పంతులు చెప్పింది నిజమే కాబోలనుకున్నాను.

పుస్తకం చివరికి పెద్దవ్వ ఇంటికి చేరింది. ఆమెకు అసలు అనుమానమే రాలేదు.

"అత్తింట్ల నుంచి ఎల్లొచ్చింది, గొర్లు పెట్టుకున్నది. మంచి పని జేసింది. ఒకల ముంగట చెయ్యి సాపకుండ బతుకుతది. గా మొగడేమైండో రాయకపాయె. రాయకుంటెనే మంచిగయింది, వాని పేరెత్తుడు ఎందుకు?"

అదే సాయంత్రం గొల్ల పెద్దాయన రెండో పుస్తకంతో లేచాడు. చెప్పేముందే కండ్లు తుడుచుకున్నాడు.

"గొర్ల సంగతి మంచిగ రాసిండు. ఎన్నడు నీళ్లు తాపాలె, ఎన్నడు బొచ్చు కత్తిరియ్యాలె, అన్ని సరింగనే ఉన్నయి. గాలికుంటు రోగం కాడికి వచ్చినంక ఒక ఆడామె వచ్చి ఏడుసుడు వెట్టింది. పుస్తకం అయిపోయేదాంక ఏడుస్తనే ఉన్నది. మంద పోతె ఏడువక ఏం జేస్తది? మా మంద పోయిన్నాడు మా అవ్వ గూడ గట్లనే ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన."

పెద్దవ్వ కోడలు ఎప్పుడూ నోరు మెదపని మనిషి. ఆ రోజు ఉన్నచోటనే లేచి నిలబడింది. "కాకా, ఆమె పేరేంది?" అని అడిగింది. ఆయన పేరు చెప్పాడు.

"గామె మా పుస్తకంల పిల్ల!" అంది.

నేను రెండు పుస్తకాలూ తీసుకుని పక్కపక్కన తెరిచాను. సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అరుగు మీద ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ, నవ్వు బజారు దాకా పోయింది. పంతులు కూడా నవ్వుతూనే తన కండువా సర్దుకున్నాడు. నవ్వని వాళ్లు ఇద్దరే. ఒకరు వకీల్ సాబు. ఇంకొకరు స్తంభం పక్కనున్న చాచా. ఆయన లేచొచ్చి తన కుట్లను వేలితో తడిమి చూసుకున్నాడు. కుట్టు గట్టిగానే ఉంది. తల దించుకున్నాడు.

"ఇగ పుస్తకాలు కరీంనగర్ పంపుదాం. అక్కడ తెలుగు చదువొచ్చినోళ్లు కడుతరు" అన్నాడు వకీల్ సాబు.

చాచా చేతిలో ఇక ఏ పనీ ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. అంతటి పెద్దమనిషికి ఎదురు మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

"వకీల్ సాబ్, మీరు వకాలతు ఉర్దూల చేసిండ్లు. నేను బడిల చదివింది ఉర్దూనే. తెలుగు మనకు ఇంట్ల ఎవలో ఒకలు నేర్పిండ్లు. చాచాకు ఎవలు నేర్పిండ్లు? అంకెలు చూసి కట్టిండు, అంకె తప్పలే. చదువుకున్నోళ్లం మనం చదివి గూడ తెలుసుకోకపోతిమి గద!"

పంతులు మళ్లీ కండువా సర్దుకున్నాడు. వకీల్ సాబు నన్ను కోపంగా చూసి, తర్వాత చాచా వైపు చూశాడు. ఇద్దరూ ఒక ఈడు వాళ్లు. ఒకే కచేరీ మెట్లు ఎక్కి దిగిన వాళ్లు.

"అయితె నువ్వే నేర్పు. ఈ రెండు పుస్తకాలు విప్పి, చదివి, సరింగ కుట్టాలె. కుట్టి, ఈ గడప కాడ నిలవడి, అందరి లెక్కనే పుస్తకం ఎట్లున్నదో చెప్పాలె. ఎండాకాలం దాంక చూస్త. చెప్పిండా, పని ఆయనదే. చెప్పలేదా, కరీంనగర్" అన్నాడు.

"మంజూర్" అన్నాడు చాచా. 

ఆ చలికాలమంతా మధ్యాహ్నం నమాజు కాగానే చాచా గ్రంథాలయానికి వచ్చేవాడు. మొదట్లో పుస్తకాన్ని వెనక అట్ట నుంచి తెరిచేవాడు. ఉర్దూ చదివినట్టు వేలు కుడి నుంచి ఎడమకు నడిచేది. నేను ఊరికే విసుక్కునేవాణ్ణి, ఆయన ఊరికే నవ్వేవాడు. "ఫికర్ చెయ్యకు బేటా. చెయ్యి అలవాటు చెయ్యిదే, జర మెల్లగ మలుపుదాం" అనేవాడు. ఒక్కో అక్షరం దొరికినప్పుడల్లా పెద్దగా చదివేవాడు, వీధిలో పోయే వాళ్లు ఆగి చూసేటంతగా. గొల్ల పెద్దాయన మంద తోలుకుపోతూ కిటికీలో నుంచి తప్పులు దిద్దేవాడు. పెద్దవ్వ కోడలు తాను చదివేటప్పుడు వచ్చి కూర్చోమని కబురు పంపేది. పంతులు కూడా ఒకరోజు వచ్చి ఒత్తులు చెప్పిపోయాడు. ఆయన మంచివాడే.

ఎండలు ముదిరే వేళకు ఒక ఆదివారం చాచా తెల్లటి కుర్తా వేసుకుని, విప్పి సరిగ్గా కుట్టిన రెండు పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. అరుగు నిండిపోయింది. హోటలాయన హోటలు మూసి వచ్చాడు.  చాచా గడప పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"గొర్ల పుస్తకం మంచిగుంది. ఎవలన్న చదువుకోవచ్చు. నవల మొదటి సగం గూడ మంచిగుంది" అని ఆగాడు. "ఆఖరుకు ఆ పిల్లను మల్ల గా మొగని ఇంటికే తోలిండు. పొయి కాళ్లు వట్టుకున్నది. రాసినాయన పెద్దమనిషే గావచ్చు. గని నాకు నచ్చలే. తప్పు నాదే, ఒప్పుకుంట. అయినా నేను కుట్టిన పుస్తకంల ఆ బిడ్డ గొర్లు పెట్టుకుని ఇజ్జత్‌తోటి బతికింది. గదే మంచిగుండె."

 ముందు పెద్దవ్వ చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టే అలవాటు మా అరుగుకు లేదు. ఆ రోజు అందరూ కొట్టారు. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషం పట్టలేక.

వకీల్ సాబు లేచాడు. ఆయన కూడా చెప్పాలి, కట్టుబాటు ఆయనదే కదా. ఆ సాయంత్రం ఆయన చాలా చిన్నగా చెప్పాడు. "ఇన్నేండ్ల సంది నవలలు చదువుతున్న. పోయిన వానాకాలం తెల్వక సగం గొర్ల పుస్తకం చదివిన. మిగిలిన సగం ఇప్పుడు తీసుకపోత." అని చాచా చేతిలోని గొర్రెల పుస్తకం అందుకున్నాడు. "ఆ బీరువాల ఇంకో అర చినిగినయి ఉన్నయి మియా. రేపు తీసుకపో."

నవల ఇంకా చాచా దగ్గరే ఉంది. పెద్దవ్వ వెంట తెచ్చుకున్న బీడీల చాట పక్కకు నెట్టి చెయ్యి చాపింది.

"అది ఇటు తే" అంది. "ఉండు, ముందు విప్పి, మల్ల ఎన్కటి లెక్కనే గొర్లతోటి కలిపి కుట్టు. నా కోడలు నాకు గదే చదువాలె."