కృష్ణానగర్‌లో బోల్తాపడ్డ మా ప్రశ్నావళి

‘పరిశోధనా పద్ధతులు’ అనగానే పిల్లలకు ఆవలింతలొస్తాయి. సాహిత్యం, సమాజశాస్త్రం, కంప్యూటర్లు కలిపి మా విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన ఎం.ఏ.లో ఆ పేపరు నాది. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగుతున్న రోజులవి. కంపెనీ ఉద్యోగం మానేసి వచ్చిన శ్రీకాంత్‌కి అంకెలే వేదం, తెలుగు చదివిన సుజాతకి అంకెలంటేనే గిట్టదు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వాళ్లు కలిసి ఒక్క పరిశోధనైనా చెయ్యకపోతే పేపరు ఎత్తేస్తామని మా హెడ్ తేల్చేశారు. అందుకే ఇద్దర్నీ వెంటేసుకుని సినిమావాళ్ల పేట కృష్ణానగర్‌కు బయల్దేరాను.

పొద్దున్నే సిటీ బస్సులో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగాం. అక్కణ్ణించి ముప్పై రూపాయలకు ఫిల్మ్ నగర్ చుట్టూ తిప్పి కృష్ణానగర్‌లో దింపడానికి ఆటో యాదగిరి ఒప్పుకున్నాడు.

“షూటింగ్ చూడనీకి వచ్చిండ్రా మేడం?”

“కాదు, చదువు కోసం.”

“గీడ చదువేం దొరుకుతది!” అని పకపకా నవ్వాడు.

టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్న జూనియర్ ఆర్టిస్టు రమణమ్మ గారిని పలకరించాం. శ్రీకాంత్ ప్రశ్నావళి తీశాడు.

“మీ వయసెంతండీ?”

“ఎంత కావాలి బాబూ?”

అతను ఆ గడి వదిలేసి తర్వాతి ప్రశ్నకొచ్చాడు. “ఏం చదువుకున్నారు?”

“లాయరుగా నిలబడ్డాను, డాక్టరుగా నిలబడ్డాను. మీకేది కావాలండీ?”

కాగితం పట్టుకుని ప్రశ్నలడిగేవాళ్లు ఇక్కడ వేషాలిచ్చేవాళ్లే. కాదనడం, రాదనడం ఎవరికీ అలవాటు లేదు. అప్పటికే మా వెనక జుట్టు దువ్వుకుంటూ నలుగురైదుగురు నిలబడ్డారు. సుజాతకి నవ్వాగలేదు. మేం విద్యార్థులమని చెప్పి, కాగితం సంచిలో పెట్టించి, “మీకు ఇష్టమైన సీనేదండీ?” అంది.

“పెళ్లి సీనేనమ్మా. నిజం భోజనం పెడతారు!” అన్నారావిడ. ఆ తర్వాత సొంతూరు రాజమండ్రి ముచ్చట్లూ, అసలు వయసూ అడక్కుండానే చెప్పేశారు.

తిరుగు బస్సులో శ్రీకాంతే మొదలుపెట్టాడు. “అడిగేది ఎవరనుకుంటే జవాబెలా మారుతుందో లెక్కతీద్దాం. నువ్వు మాట్లాడించు, నేను పట్టిక వేస్తాను.” సుజాత సరేనంది. క్లాసులో నెలల తరబడి చెప్పినా ఎక్కని పాఠం ఒక్క ఇడ్లీ ప్లేటు దగ్గర ఎక్కింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మీరూ అక్కడికి వెళ్తే, ఆర్టిస్టుల్ని షూటింగులకు ఎక్కించుకునే స్టూడియో వ్యాన్లు వెళ్లిపోయాక, కాస్త తీరిక దొరికే వేళ చూసుకుని వెళ్లండి. కాగితం తీసేముందు మీరెవరో చెప్పండి. చెప్పినా వేషం మీద వాళ్ల ఆశ పోదనుకోండి. ఆ రోజు టిఫిన్ బండి దగ్గర్నుంచి మేం బయల్దేరుతుంటే రమణమ్మ గారు చీర సర్దుకుంటూ అడిగారు: “ఇంతకీ మీ చదువులోకి నన్ను తీసుకున్నట్టేనా?”

“తీసుకున్నామండీ!” అన్నారు ఉప్పూ నిప్పూ ఒక్క గొంతుతో.