డ్రైవరు గదిలో దీపం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో జోగారావుకు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. ఏం చేస్తుంటారండీ అని ఎవరడిగినా సెల్‌ఫోన్ల సంగతే చెబుతాడు. మనసులో మాత్రం అతను ముప్పై రెండేళ్లుగా రైలింజన్ డ్రైవరు. ఈ రెండో ఉద్యోగం గురించి భార్య అమలకు తప్ప మరొకరికి తెలియదు.

ఇరవై రెండేళ్ల వయసులో నిడదవోలు నుంచి వచ్చి అసిస్టెంటు డ్రైవరు పరీక్ష రాశాడు. రాతపరీక్ష గట్టెక్కాడు. కళ్ల పరీక్షలో డాక్టరు రంగురంగుల చుక్కల పుస్తకం తెరిచి, మధ్యలో ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. జోగారావుకు చుక్కలు కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తన కళ్లకు సరిగా అందదన్న సంగతి ఆ రోజుదాకా అతనికీ తెలియదు. సిగ్నలు రంగు చెప్పలేనివాడి చేతికి రైలెవరిస్తారు? తిరిగి వెళ్లి ఊళ్లో మొహం చూపించలేక ఇక్కడే ఉండిపోయాడు. సోల్డరింగ్ నేర్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, అందరిలాగే బతికాడు. కోరిక మాత్రం చావలేదు.

ఆ కోరిక ఇప్పుడు ఎల్బీనగర్‌లో అద్దె ఇంటి ముందుగదిలో, ప్లైవుడ్ బల్ల మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. జానెడు పొడుగు బొమ్మ ఇంజన్లు, నిజం ఇంజన్లో ఎనభై ఏడో వంతు. పట్టాల్లో కరెంటు పెడితే బల్ల మీదున్నవన్నీ ఒక్కసారే పరుగెడతాయి. అదే ఒక్కోదాని కడుపులో గోరంత డీకోడర్ చిప్పు బిగిస్తే, ఎవర్ని పిలిస్తే వాళ్లే పలుకుతారు. దీపం ఒక మీటకు, వేగం ఒక మీటకు మాట వింటాయి. నగరంలో ఈ బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు పట్టుమని పదిమంది ఉంటారేమో, ఆ పదిమందీ ఈ పనికి జోగారావు దగ్గరికే వస్తారు.

అందులోనూ డ్రైవరు గదిలో నువ్వుగింజంత దీపం అమర్చడమంటే అతనికి ప్రాణం. చిన్నప్పుడు నిడదవోలు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసిన దృశ్యం కళ్లలో అలాగే ఉండిపోయింది. ఆగి ఉన్న ఇంజను, పసుప్పచ్చటి దీపం, దాని కింద ఏదో రాసుకుంటూ టీ తాగుతున్న డ్రైవరు. ఆ మనిషి తనైతే ఎంత బావుండునని అప్పుడే అనుకున్నాడు.

అయితే డీకోడరుకు తీగలు తొమ్మిది, రంగులు తొమ్మిది. అక్కడే వచ్చింది చిక్కంతా. మొదట్లో ఒకసారి మోటారుకు పోవాల్సిన నారింజ తీగనూ, దీపానికి పోవాల్సిన ఆకుపచ్చ తీగనూ ఒకదాని చోట ఒకటి అతికించాడు. సన్నగా పొగ లేచి చిప్పు కాస్తా మాడిపోయింది. అప్పట్నుంచి ఆ పని ఇద్దరిదీ అయింది. అమల ఒక్కో తీగా పట్టుకుని "ఇది నారింజ, ఇది ఆకుపచ్చ" అని చెబితే, జోగారావు దానికి చిన్న చీటీ అంటించి అంకె వేసుకుంటాడు. కూర తరుగుతూ మధ్యలో లేచి వచ్చి మొగుడికి రంగులు చెప్పే ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది?

మొన్న వేసవిలో తుర్కయంజాల్ నుంచి జానయ్య అనే పెద్దమనిషి ఫోను అద్దం మార్పించుకోవడానికి షాపుకు వచ్చాడు. బల్ల మీద విప్పి ఉన్న ఇంజన్ను చూసి, "గిసుంటిది నేను నడిపిన సార్, ఇరవయేండ్లు" అన్నాడు. జోగారావు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. జానయ్య రిటైరైన రోజున తోటివాళ్లు ఒక బొమ్మ ఇంజన్ను బహుమతిగా ఇచ్చారట. అందులో దీపం లేదు. "నేను పెడతాను, తీసుకురండి. కూలీ వద్దు. వెలిగించాక మీరు చూసి, ఎలా ఉందో చెప్పండి చాలు" అన్నాడు జోగారావు.

అతనికి కావలసింది అదే. ఇన్నేళ్లలో ఎన్నో ఇంజన్లలో దీపాలు పెట్టాడు. మెచ్చుకున్నవాళ్లందరూ తనలాగే బయట నిలబడి చూసినవాళ్లు. నిజంగా ఆ సీట్లో కూర్చున్న మనిషి ఒక్కడు చూసి, ఇదే, ఇలాగే ఉంటుంది అనాలి. ఆ మాట వింటే ఆ గదిలోకి తనూ ఒకసారి వెళ్లొచ్చినట్టే.

దీపం అమర్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం జానయ్యను ఇంటికి పిలిచి, తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశారు. ఇంజను కదిలింది. దాని కిటికీలో పసుప్పచ్చటి వెలుగు, అందులో చింతగింజంత డ్రైవరు బొమ్మ. మూడు చుట్లు తిరిగింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు జోగారావు, ఉండబట్టలేక.

"పనితనం మస్తుగుంది సార్. గని గిట్ల ఉండదు. బండి నడిచేటప్పుడు లోపలి లైటు బంద్ జేస్తం. లైటుంటె అద్దంల మన మొహమే కనబడ్తది, ముందల పట్టాలు కనబడయ్. ఆగినంక ఏసుకుంటం, రాసుకునేదుంటె రాసుకుంటం."

జోగారావుకు చెవులు వేడెక్కాయి. తను చూసింది ప్లాట్‌ఫారం మీంచి, ఆగిన ఇంజన్లను. ముప్పై రెండేళ్లు మనసులో దీపం వెలిగించుకుని నడిపాడు. ఏ డ్రైవరూ అలా నడపడు. ఇంతకన్నా బయటివాడు ఇంకెవడుంటాడు?

జోగారావు డీకోడరులో ఆ దీపం సెట్టింగు మార్చాడు, చక్రం కదిలితే ఆరిపోయేలా. మళ్లీ మీట తిప్పాడు. ఇంజను కదిలింది, కిటికీ చీకటైంది, డ్రైవరు కనిపించకుండా పోయాడు. జానయ్య ముందుకు వంగాడు.

"గిదీ సార్. గిట్లనే ఉంటది. గిదే నా బండి."

కోరుకున్న మాట వచ్చింది. జోగారావు ఆ మాటతో ఊరుకోలేకపోయాడు.

"ఆ చీకట్లో ఏం చేస్తారండీ?"

"సిగ్నలు కోసం చూస్తం. కనబడంగనే నేను రంగు గట్టిగ చెప్త, పక్కకున్న అసిస్టెంటు గూడ చెప్తడు."

"ఒకరు చెబితే సరిపోదా? పక్కవాడు చెప్పింది విని రెండోవాడు నడిపితే?"

"నడ్వది సార్. ఎవరి కండ్లతోని వాళ్లే చూసి చెప్పాలె."

వంటగది గుమ్మంలో నిలబడ్డ అమల భర్త వైపు చూసింది. జానయ్యకు అతని కళ్ల సంగతేమీ తెలియదు. ఇంజను తీసుకుని బయల్దేరబోతుంటే, "ఇంకొక్క చుట్టు తిప్పనివ్వండి" అని జోగారావు అడిగాడు. బల్ల అంచుకు గడ్డం ఆనించి, చీకటి కిటికీ తన ముందు నుంచి పోతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ఆ సీట్లో ఎలా ఉంటుందో తెలియక ఆశపడ్డాడు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఇంకా ఎక్కువ కావాలనిపించింది.