రేణుక గ్రాఫు

2017లో నేను గుమ్మడిదల దగ్గర ఒక ఊరి హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆ ఏడు ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డుకు దరఖాస్తు పెట్టుకున్నాను. అవును, మనకు మనమే పెట్టుకోవాలి. మన గొప్పలన్నీ మనమే ఫైలు కట్టి పంపాలి. పిల్లల ప్రాజెక్టులు కూడా అందులో పెట్టాలి.

సాంఖ్యక శాస్త్రం పాఠానికి ప్రాజెక్టు అంటే, పిల్లలు సొంతంగా వివరాలు సేకరించి, సగటు కట్టి, గ్రాఫు గీయాలి. పదో తరగతిలో రేణుక ఒక్కతే నిజంగా తిరిగింది. నలభై ఇళ్లకు వెళ్లి, బోరు నీళ్లు తాగడం మానేసి ఎన్నేళ్లయిందని అడిగింది. సగటు తొమ్మిదేళ్లు వచ్చింది. ఊరి చివర మందుల ఫ్యాక్టరీ వచ్చి పదేళ్లు. ఆ మాట రేణుక ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పనీ లేదు.

హెడ్మాస్టరు చూసి మెల్లగా అన్నారు. "మేడం, మన బెంచీలు ఎవరిచ్చిండ్రో ఎరికే గదా. మీ ఫైల్ల సిఫారసు ఉత్తరం గూడ ఆ ఫ్యాక్టరీ మేనేజర్ సారే రాయాలె. ఇది అవసరమా?"

నాకు అవార్డు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా కావాలి. రేణుకను పిలిచి లెక్క తప్పన్నాను.

"ఏడ తప్పు మేడం?"

"మళ్లీ చేసుకో, తెలుస్తుంది."

మర్నాడు వచ్చింది. "ఇంటింటికీ మల్ల తిరిగిన మేడం. మూడుసార్లు చేసిన. గదే వస్తుంది."

"నీకు లెక్కలు రావు, చెప్పినా వినవు" అని పేజీ మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టాను. క్లాసులో పిల్లల ఎత్తులతో ఇంకో ప్రాజెక్టు రాయించాను.

అవార్డు వచ్చింది. శాలువా కప్పారు.

పోయిన ఏడాది పటాన్‌చెరు బస్సులో రేణుక కనబడింది. మెడలో ఆ మందుల కంపెనీ ఐడీ కార్డు. లేచి సీటిచ్చింది. ప్యాకింగ్‌లో పనట.

"ఇంటర్లో ఎంపీసీ తీసుకోలేదా?"

"లే మేడం, సీఈసీ తీస్కున్న. నాకు లెక్కలు రావని మీరు ముందే చెప్పిండ్రు గదా. మంచిదే అయింది, లేకపోతే ఫెయిలయితుంటి."

"నీ లెక్క తప్పు కాదు రేణుకా. సరిగ్గానే చేశావు."

"మరి గీత ఎందుకు కొట్టిండ్రు మేడం?"

ఆమె దిగాల్సిన ఫ్యాక్టరీ గేటు వచ్చింది, దిగిపోయింది.

టీచరు తప్పంటే పిల్లలు లెక్కను కాదు, తమ తెలివినే కొట్టేసుకుంటారు. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదే, అదీ ఒక ఆడపిల్ల చదువు ఖర్చుతో. ఆ ఫైలు నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో రేణుక చేతిరాతతో పిల్లల ఎత్తుల గ్రాఫు ఉంది. ఆ రోజు ఎవరి ఎత్తూ ఎవరూ కొలవలేదు. అంకెలన్నీ నేనే చెప్పాను, ఆమె రాసుకుంది. దానికి పూర్తి మార్కులు వేశాను.