తేలుకి లాటిన్ మంత్రం

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో ఒక పప్పుల వ్యాపారి ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. డిగ్రీ అయింది. నన్ను ఫాదరు చదువుకి పంపాలని మా నాన్న ఆశ. ఆయన ముప్పాళ్ళ వైపు మా మాలపల్లెలో ఉపదేశి. ఫాదరు రాలేని ఆదివారాల్లో గుడిలో ప్రార్థన నడిపేది ఆయనే. ఆ చదువుకి లాటిన్ వస్తే మేలన్నారు. పేట చర్చి పక్క గదిలో ఉంటున్న ఒక ముసలి విదేశీ ఫాదరు సాయంత్రాలు నేర్పుతానన్నారు.

గది ఇచ్చేటప్పుడు ఇంటావిడ ఊరడిగింది, కులం అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఆ వీధిలో నాకు గది ఉండదు, గది లేకపోతే చదువూ లేదు.

బళ్ళో డుమువులు వల్లె వేసిన వాణ్ణి గనక విభక్తులంటే భయం లేదు. కానీ లాటిన్‌లో ప్రత్యయం మాట తోకలో కలిసిపోయి ఉంటుంది. "మాట వాక్యంలో ఎక్కడైనా కూర్చుంటుంది నాయనా, తోక చూసి దాని చుట్టరికం చెప్పాలి" అనేవారు ఫాదరు. రోజూ తెల్లారగట్ల వసారాలో తిరుగుతూ పైకే చదివేవాణ్ణి. మొదట గులాబీ మాట: రోసా, రోసే, రోసే, రోసామ్. తర్వాత తండ్రి మాట: పాతెర్, పాత్రిస్, పాత్రి, పాత్రెమ్. పిలవడానికి కూడా ఒక విభక్తి ఉందని, అది మరిచిపోవద్దని ఫాదరు వేలు చూపించి చెప్పేవారు.

ఒకసారి మా నాన్న బియ్యం మూట తెచ్చారు. మురుగుకాలవ అవతలే నిలబడి నన్ను కేకేశారు. నేను గబగబా వెళ్ళి మూట అందుకున్నాను. ఇంటావిడ అరుగు మీద నుంచి "ఎవరు నాయనా?" అంది.

"మా ఊరి మనిషండీ" అన్నాను.

నాన్న తలగుడ్డ సర్దుకొని బస్టాండు వైపు వెళ్ళిపోయారు. వినలేదులే అనుకున్నాను.

ఆ చలికాలంలో ఒక పొద్దున ఇంటి కోడలు పొయ్యిలోకి పత్తికట్టె లాగుతుంటే మోపులోంచి తేలు కుట్టింది. అరుపులకి వీధి ఆడవాళ్ళంతా వసారాలోకి వచ్చారు. ఇంటావిడ వేపమండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మంత్రమెయ్యి నాయనా. బిడ్డ అల్లాడిపోతోంది."

"నాకు మంత్రం రాదు పిన్నిగారూ."

"రోజూ తెల్లారగట్ల గొణుగుతావుగా!"

"అది పాఠమండీ."

"వచ్చినోళ్ళంతా రాదనే అంటారు" అంది పక్కింటావిడ, నా మోచెయ్యి పట్టి ముందుకు తోస్తూ. "బయటికి చెబితే మంత్రం పోతదిగా. చానా గుట్టు మనిషి. ఒరేయ్ అబ్బాయ్, అడిగినప్పుడు ఎయ్యకపోయినా పోతది, తెలుసా?"

కోడలు చెయ్యి పట్టుకొని ఏడుస్తోంది. ఆ రోసా, రోసే నాలుగు సార్లు చదివి మండ దించితే వాళ్ళు ఊరుకుంటారు. కానీ ఆ అమ్మాయి ఆస్పత్రికి వెళ్ళదు.

"అది లాటిన్. మా చర్చి భాష. రిక్షా పిలవండి" అన్నాను.

పక్కింటావిడ నా మోచెయ్యి వదిలేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. ఇంటావిడ మాత్రం రిక్షా కోసం వీధిలోకి పరిగెత్తింది. ఆస్పత్రిలో సూదిమందు వేశారు, సాయంత్రానికి కోడలు లేచి తిరిగింది.

మర్నాడు ఇంటావిడ నా గుమ్మం ముందు నిలబడింది.

"ఇంకో గది చూసుకో నాయనా. నాకు మొదట్నించీ తెలుసులే."

"ఎట్టా తెలుసు?"

"బియ్యం తెచ్చినాయన మా ఊరి మనిషన్నావే, ఆ ముక్కు నీది కాదూ? పైగా అరుగెక్కకుండా, దాహమని కూడా అడక్కుండా కాలవ అవతలే నిలబడె."

"మరి అప్పుడే అడగలేదేందండీ?"

"అడిగితే నువ్వు చెబుతావు. చెబితే పంపించాల. అందుకే అడగలా. నువ్వేమో వీధంతా చేరినప్పుడు చెబితివి." వెళ్ళబోతూ ఆగింది. "అయినా కన్నతండ్రిని ఊరి మనిషంటావా? ఆయనకి వినపడింది. నేను అరుగు మీద నుంచి ఆయన మొహమే చూస్తన్నా."

నేను తలెత్తలేకపోయాను. గది పోయినందుకు కాదు.

సామాను తీసుకెళ్ళడానికి మళ్ళీ నాన్నే వచ్చారు. వచ్చి ఆ కాలవ అవతలే నిలబడ్డారు. నేను ట్రంకుపెట్టె అరుగు మీదికి ఈడ్చుకొచ్చాను. ఇంటావిడ ద్వారబంధం దగ్గర ఉంది. ఆవిడకి వినపడాలని, వీధికంతా వినపడాలని, గట్టిగా పిలిచాను.

"నాన్నా, పైకి రా!"

నాన్న నా వైపు చూడలేదు. ఆవిడ వైపూ చూడలేదు. కాలవ దాటకుండానే ముందుకు వంగి రెండు చేతులూ చాపారు.

"ఇప్పుడెందుకులేరా. పెట్టె ఇటు అందియ్యి."