గొట్టాలు కలిపే ఒస్వాల్ట్

ఏనుగును నిలువరించగల రైఫిల్ ఒకటి తయారు కావాలంటే తుపాకుల ఊరు ఫెర్లాఖ్‌లో చాలామంది చేతులు పడాలి. ఉక్కు తొలిచేవాడి పని కంటికి కనపడుతుంది. అక్రోటు చెక్కను నునుపు చేసేవాడి పని చేతికి తగులుతుంది. నగిషీ చెక్కే మనిషి పనినైతే కొన్నవాళ్ళు భూతద్దం పెట్టి మరీ చూస్తారు. ఒస్వాల్ట్ మికుల పని మాత్రం ఎవరికీ కనపడదు. రైఫిల్‌ను వరసగా రెండుసార్లు పేల్చిననాడే అది తెలుస్తుంది.

ఇటువంటి రైఫిల్‌లో పక్కపక్కన అతికించిన రెండు గొట్టాలు వాటంతట అవి ఒకేచోటికి కాల్చవు. కుడి గొట్టం పేలినప్పుడు రైఫిల్ కుడికి ఎగురుతుంది, ఎడమది పేలితే ఎడమకు. ఆ ఎగురుపాటును ముందే లెక్కలోకి తీసుకుని గొట్టాలను ఒకదానివైపు ఒకటి వెంట్రుకవాసి వంచి నిలపాలి. అందుకు లెక్కలు చాలవు, కాల్చి చూడవలసిందే. ఊరి చివర రాతిగని పక్కనున్న రేకుల షెడ్డులో ఒస్వాల్ట్ ఒక గుంజకు ఆనుకుని రెండు గొట్టాలూ పేల్చేవాడు. నడిచి వెళ్ళి కాగితం చూసేవాడు. తిరిగివచ్చి మూతుల దగ్గర టంకం వేడిచేసి, మధ్యనున్న చీలను అతి కొద్దిగా జరిపి, చల్లారనిచ్చి, మళ్ళీ పేల్చేవాడు. ఒక్కో రైఫిల్‌కు వారం పట్టేది, కొన్నిటికి నెల. మీదికి వస్తున్న అడవిదున్న మనిషికి రెండు తూటాల వ్యవధి మాత్రమే ఇస్తుంది. ఆ రెండూ అతను చూసినచోటే పడేటట్టు చేయడానికి ఒస్వాల్ట్ తన కుడి భుజాన్నీ ఎడమ చెవినీ ఖర్చుపెట్టాడు. భార్య ఎల్ఫ్రీడె భోజనాల బల్ల దగ్గర అతని కుడిపక్కకు మారి చాలా ఏళ్ళయింది.

ఏనుగును కాల్చడం న్యాయమా అన్న తగవు ఫెర్లాఖ్ తేల్చవలసినది కాదు, తేల్చమని దానిని ఎవరూ అడగనూ లేదు. దూరపు రాజధానుల్లో తేల్చారు. దంతాలు సరిహద్దు దాటకూడదన్నారు. కొమ్ములను ఎక్కించుకోబోమని విమానాలవాళ్ళు అన్నారు. ఏనుగుల పక్షాన అది సబబే కావచ్చు. అయితే ఏ విచారణలోనైనా నష్టపోయే పక్షానికి నోటీసు ఇవ్వడం కనీస ధర్మం, ఒస్వాల్ట్‌కు మాత్రం ఏ నోటీసూ రాలేదు. ఆర్డర్లు రావడం మానేశాయి, అంతే. పదేళ్ళు కూడబెట్టుకుని ఒక్క రైఫిల్ చేయించుకునే గ్రాట్స్ డాక్టర్లు, టాంజానియా నుంచి ఎండకు కమిలిన ముఖాలతో వచ్చే వేటగాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. వారి కొడుకులు ఆ రైఫిళ్ళను వేలానికి పెట్టారు. క్లాగెన్‌ఫుర్ట్‌లో ఒకప్పుడు బొటనవేలంత తూటాలను పెట్టెలకు పెట్టెలు అమ్మిన కొట్టువాడు ఇప్పుడు ఒక్క పెట్టెను అద్దాల వెనక అలంకారానికి ఉంచాడు.

మిగిలినవాళ్ళు తుపాకులను కొని భద్రపరిచేవాళ్ళు. వారికి వేటతో పనిలేదు. నగిషీ కావాలి, బంగారు తీగ కావాలి, రైఫిల్ కొత్తగా ఉండాలి.

ఆ వసంతంలో వచ్చిన ఒకే ఒక్క ఆర్డరు అటువంటి వ్యక్తిదే. అతని పేరు ఏబి, స్విట్జర్లాండ్‌లో లిఫ్టుల వ్యాపారం. దుకాణం యజమానురాలు వాల్‌ట్రౌట్ ష్టెఫనర్, గొట్టాలు అతికించి ఇంకా నలుపు పట్టించని రైఫిల్‌ను బల్ల మీద పెట్టి ఒస్వాల్ట్‌ను పిలిచింది. ఆమె ఈ దుకాణంలోనే పాకుతూ పెరిగింది. చిన్నప్పుడు అతన్ని మామయ్యా అనేది. పెద్దయి, తండ్రి కుర్చీలో కూర్చున్నాక పేరు పెట్టి, మీరు అని పిలుస్తోంది. నలుగురిలో అతనూ ఆమెను మర్యాదగా ఫ్రౌ ష్టెఫనర్ అంటాడు, ఇద్దరే ఉన్నప్పుడు ట్రౌడీ అంటాడు.

"ఇది మీ దగ్గరకు రాదు, ఒస్వాల్ట్. తిన్నగా హెడీ బల్లకు పోతుంది," అంది ఆమె.

"గొట్టాలు కలపకుండానా?"

"ఆయనకు కాల్చని రైఫిల్ కావాలట. ప్రభుత్వ పరీక్షశాలలో పేల్చక తప్పదు, అది చట్టం. అంతకుమించి ఒక్క తూటా పేలకూడదని ఒప్పందంలో రాశాడు. నేను సంతకం పెట్టాను."

"మరి ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తూ ఉంటాయే."

"ఇనప్పెట్టెలో ఎటు చూస్తే ఏంటండీ?"

"ఆయన ఎల్లకాలం బతకడు కదా, ట్రౌడీ. రేపు ఇది ఎవడి చేతిలోనో పడుతుంది. వాడు దున్న ముందు నిలబడతాడు."

"ఏ దున్న? ఎక్కడుంది దున్న?" అంది వాల్‌ట్రౌట్. తర్వాత గొంతు తగ్గించి, "ఇది అమ్ముడుపోతే వచ్చే ఏడాది మనం ఉంటాం. లేకపోతే లేదు. అర్థం చేసుకోండి," అంది.

కాల్చినవాడి చేతిలో తుపాకీ పగలకూడదన్నంతవరకే శాసనం పట్టించుకుంది. పరీక్షశాల ముద్ర చెప్పేదీ అదే. పేలిన తూటాలు ఎక్కడికి పోతాయన్నది ఏ నిబంధనలోనూ లేదు. కనుక కచ్చితంగా చెప్పాలంటే వాల్‌ట్రౌట్ ఏ తప్పూ చేయలేదు. చేయబోయినవాడు ఒస్వాల్టే.

మధ్యాహ్నం నల్లరొట్టె, పొగపెట్టిన పందిమాంసం ముక్కలు ముందు పెట్టుకుని హెడీ పక్కన కూర్చున్నాడు. హెడీ నగిషీ చెక్కుతుంది. వాళ్ళిద్దరి బల్లలూ పాతికేళ్ళుగా పక్కపక్కనే.

"నీకేంలే. తుపాకులు ఇనప్పెట్టెల్లోకి పోయేకొద్దీ నీకు గిరాకీ," అన్నాడు.

"ఉండదా మరి? నా ఏనుగులు ఎవర్నీ తరమవు. నీ ఏనుగులే తరుముతాయి."

"నేను ఏనుగును చూసిందే వియన్నా జంతుశాలలో."

"నేను మాత్రం ఎక్కడ చూశాననుకున్నావ్? వేరుశనగలు చూపిస్తే తొండం చాపింది. దాని కన్ను గుర్తుపెట్టుకునే ఇన్నేళ్ళూ చెక్కుతున్నా," అని హెడీ నవ్వి, "రైఫిల్ ఎప్పుడిస్తావ్?" అని అడిగింది.

నలుపు పట్టించాక మూతుల దగ్గర వేడి తగిలితే రంగు చెడుతుంది. నగిషీ చెక్కిన పలకలకు పదేపదే పేల్చే దెబ్బ తగలకూడదు. గొట్టాలు కలపడమంటూ జరిగితే హెడీ బల్లకు చేరకముందే జరగాలి. ఆ తర్వాత ఇంకెప్పుడూ కుదరదు.

"గొట్టాలు మూసే తాళం కొంచెం బిగుతుగా ఉంది. సోమవారం ఇస్తా," అన్నాడు ఒస్వాల్ట్.

ఆ వారాంతం వాల్‌ట్రౌట్ పండగకు గ్రాట్స్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఒస్వాల్ట్ రైఫిల్‌ను దుప్పట్లో చుట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. తుపాకీ చప్పుడుకు ఫెర్లాఖ్‌లో కుక్కలు కూడా చెవి రిక్కించవు, అతన్ని అడిగినవాళ్ళు లేరు. మొదటి రెండు తూటాలూ ఒకదాన్నొకటి దాటుకుని జానెడు ఎడంగా పడ్డాయి. వాటిని చూసి అతనికి భయం బదులు ఊరట కలిగింది. తను అవసరమేనని ఆ కాగితం చెబుతోంది. టంకం వేడిచేశాడు. చీల జరిపాడు. భుజం కమిలి నీలం తేలింది. ఆదివారం పొద్దువాలకముందు కాగితం మీద రెండు రంధ్రాలు అంచులు కలిసి కనిపించాయి. అతను ఒకసారి బొటనవేలు పెట్టి చూసుకుని, కాగితాన్ని పొయ్యిలో వేశాడు. గొట్టాలలోపల మసి జాడ లేకుండా తుడిచాడు. సోమవారం రైఫిల్ హెడీ బల్ల మీదుంది.

రహస్యం అక్కడే ఆగిపోవలసింది. ఎనిమిది నెలలు ఆగింది కూడా. హెడీ పలకల మీద ఏనుగుల మందనూ, రెల్లుదుబ్బులనూ, తొండమెత్తిన పిల్లనూ చెక్కుతూ ఉంటే ఒస్వాల్ట్ పాత రైఫిళ్ళకు నూనె పెడుతూ కూర్చున్నాడు. పూర్వం ఒక రైఫిల్ పూర్తయితే కొన్నవాళ్ళు షెడ్డుకు వచ్చేవారు, రెండు పేల్చి, కాగితం చూసి, అతని వీపు చరిచేవారు. ఈసారి చూసినవాడు లేడు. ఇంతకాలం చేసినవాటిలో అత్యుత్తమమైనదాని గురించి ఎల్ఫ్రీడెకు కూడా అతను చెప్పలేదు.

ఏబి స్వయంగా వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. తెల్ల చేతితొడుగులు వేసుకుని రైఫిల్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. హెడీ చెక్కిన ఏనుగు కంటిని చాలాసేపు చూశాడు. వాల్‌ట్రౌట్ బేరిపండు సారా పోసి పనివాళ్ళను ఒక్కొక్కరినే పరిచయం చేసింది. చెక్కపని మనిషికీ హెడీకీ ఏబి తల వంచి నమస్కరించాడు.

"మరి వీరు?" అన్నాడు ఒస్వాల్ట్‌ను చూసి.

"ఈయన ఒస్వాల్ట్. మా నాన్నగారి కాలం మనిషి. తుడవడం, నూనె పెట్టడం చూసుకుంటారు," అంది వాల్‌ట్రౌట్.

గొట్టాలు కలిపే మేస్త్రి అని చెబితే కాల్చారా అన్న ప్రశ్న వస్తుందని ఆమె అలా అంది. ఆ సంగతి ఒస్వాల్ట్‌కు తెలుసు. తెలిసినా ఆ మాట గొంతు దిగలేదు.

"నూనె పెట్టేవాణ్ణి కానండీ. ఆ రెండు గొట్టాలూ కలిపింది నేనే," అన్నాడు.

"కలపడమంటే?"

"అవి ఒకేచోటికి కొట్టాలి గదా. యాభై మీటర్లలో రెండు తూటాలకూ ఒకటే చిల్లు. మీరు నిశ్చింతగా ఏ దున్న ముందైనా నిలబడొచ్చు."

వాల్‌ట్రౌట్ చేతిలోని సీసా బల్లకు తగిలి చప్పుడయింది.

"నేను దున్న ముందు నిలబడను, హెర్ మికుల. నన్ను చూస్తే దున్నే జాలిపడుతుంది," అన్నాడు ఏబి. నవ్వలేదు. "అంటే దీన్ని కాల్చారన్నమాట."

"కాల్చకుండా ఎలా కలుస్తాయండీ?"

ఏబి రైఫిల్‌ను పెట్టెలో పడుకోబెట్టాడు. తొడుగులను ఒక్కో వేలే లాగి తీశాడు. "నాకు కోపం లేదు. మీరు ఏం చేశారో అర్థమైంది కూడా. కానీ నేను వెతికింది ఇది కాదు," అని వాల్‌ట్రౌట్‌కు చెప్పి, సారా గ్లాసును ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

అతని కారు మలుపు తిరిగింది.

"మామయ్యా, నిజమా?" అంది వాల్‌ట్రౌట్.

"నిజమే," అన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె అలా పిలిచిందని తర్వాత ఎప్పుడో గమనించాడు.

స్విట్జర్లాండ్ నుంచి న్యాయవాది ఉత్తరం వచ్చింది. వస్తువు లోపభూయిష్టమైనందున కొనుగోలు రద్దయిందని అందులో ఉంది. లోపం ఏమిటో కూడా విడిగా పేర్కొన్నారు: తుపాకీని దాని ఉద్దేశిత ప్రయోజనానికి సిద్ధం చేయడం. ఒప్పందాన్ని బట్టి చూస్తే ఆ వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మనిషి చేసిన మంచిపనిని లోపంగా నమోదు చేసి, ఒక్క అక్షరం కూడా తప్పు రాయకుండా ఉండటం చట్టానికి సాధ్యమే.

వాల్‌ట్రౌట్ ఆ రైఫిల్‌ను చాలాచోట్ల చూపించింది. భద్రపరిచేవాళ్ళు కాల్చినదని వద్దన్నారు. వేటకు పోయే ఒకరిద్దరు, ఇంత నగిషీని అడవిలో ముళ్ళకు ఎవరు గీయిస్తారన్నారు. చివరికి వేలానికి పంపడానికి ఒప్పుకుంది. వేలం కాగితంలో దాని పేరు పక్కన వాడినది అని రాశారు. శరదృతువులో దుకాణం మూసేస్తున్నట్టు ఆమె పనివాళ్ళకు చెప్పింది, ఒస్వాల్ట్ వైపు చూడకుండానే చెప్పింది. అతను పింఛనుకు దగ్గరపడ్డవాడు. హెడీకి ఇంకా పదిహేనేళ్ళుంది. మంచుక్రీడల సంఘాల కప్పుల మీద విజేతల పేర్లు చెక్కే పని దొరికింది ఆమెకు.

రైఫిల్‌ను పంపే ముందురోజు హెడీ అతని బల్ల దగ్గరకు వచ్చింది. "దాన్ని షెడ్డుకు తెస్తావా? ఇక వాడినదే కదా. ఇంతకాలం చెక్కాను, ఒక్కటీ పేల్చి ఎరగను," అంది.

గుంజకు ఎలా ఆనుకోవాలో, చెంప ఎక్కడ ఆనించాలో ఒస్వాల్ట్ చూపించాడు. మొదటి తూటాకు ఆమె రెండడుగులు వెనక్కి పోయి ఏదో బూతు అంది. రెండోది పళ్ళు బిగించి పేల్చింది. ఇద్దరూ నడిచి కాగితం దగ్గరకు వెళ్ళారు. ఆమె భయానికి గురి కొంత పక్కకు పోయింది. అయినా రెండు రంధ్రాలూ ఒకదాని అంచును ఒకటి తాకుతూ ఉన్నాయి.

హెడీ భుజం రుద్దుకుంటూ వాటిని చూసింది.

"ఇది నాకు ఆ సోమవారమే చూపించాల్సింది," అంది.

"నీకెందుకు చెప్పడం అనుకున్నా. ఎక్కడైనా నోరు జారతావేమోనని."

"నేనా?" అంది హెడీ. గొంతులో కోపం లేదు. "ఎవరో ఒకరు చూడాలనే గదా నీ బాధ. చూసి, భలే చేశావ్ ఒస్వాల్ట్ అనేదాన్ని. నీకు తీరిపోయేది. ఆ ఏబి వచ్చి, చూసుకుని, తీసుకుని పోయేవాడు. పక్క బల్లే గదయ్యా నాది."

ఒస్వాల్ట్ రైఫిల్ తెరిచాడు. ఇంకా వేడిగా ఉన్న గొట్టాలను గుడ్డతో పట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు.